‘పాపం’ అన్నందుకు ఆగిపోయిన ప్రమోషన్

2022 వానాకాలం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కళ్లద్దాల దుకాణం పై అంతస్తులో నా గది. చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే, నా బోర్డు కిటికీ పక్కన చిన్నగా ఉంటుంది: ‘బ్యాంకు ప్రమోషన్ ఇంటర్వ్యూలకు శిక్షణ’. కొత్త ఉద్యోగం కావాలనేవాళ్లకు ఈ పేటలో దుకాణాలకు కొదవ లేదు. ఉన్న ఉద్యోగంలో పైమెట్టు ఎక్కాలనేవాళ్లకు చెప్పేది నాబోటివాళ్లు ఒకరిద్దరమే.

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చే పనికి కుదిరాను. మిషన్ల మీద వేళ్లు ఆడించడం అక్కడే నేర్చుకున్నాను. బ్యాంకులవాళ్లు టైపుకు తెచ్చే సర్క్యులర్లు కొడుతూ కొడుతూ చదివాను. అర్థం కానిది సిగ్గుపడకుండా వాళ్లనే అడిగాను. కొన్నేళ్లు గడిచేసరికి వాళ్లే వచ్చి నన్ను అడగడం మొదలుపెట్టారు. అలా పడ్డాను ఈ వృత్తిలో.

నా పని ముఖ్యంగా మాక్ ఇంటర్వ్యూ. అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. బల్లకు ఇటు నేనూ, వీలైతే ఒక రిటైరైన ఆఫీసరూ కూర్చుంటాం. అటు అభ్యర్థి. అసలు ప్యానెల్ ఎక్కడ గుచ్చుతుందో మేమూ అక్కడే గుచ్చుతాం. చెమట ఇక్కడ పడితే అక్కడ పట్టదు.

చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి ఇంకో మాట చెబుతాను. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి ఏడు మెట్లు. ఒక్కో మెట్టును ఒక్కో స్కేల్ అంటారు. ఒకటో స్కేల్ కొత్త ఆఫీసరు. నాలుగు చీఫ్ మేనేజర్. ఐదు అసిస్టెంట్ జనరల్ మేనేజర్, అందరూ ఏజీఎం అంటారు. ఏడు జనరల్ మేనేజర్. ఒకటి నుంచి రెండుకు పోయే బ్యాచ్ కూర్చుంటే నా గదిలో చున్నీలు, చొక్కాలు కలగలిసి ఉంటాయి. నాలుగు నుంచి ఐదుకు పోయే బ్యాచ్‌లో అన్నీ చొక్కాలే. ఒక్క చీర కనబడితే ఆ రోజు విశేషం. ఇది ఏ కమిటీ తేల్చిన లెక్కా కాదు, నా కుర్చీలు చూసి చెబుతున్న మాట. మరి ఆ ఆడపిల్లలందరూ మధ్యలో ఎక్కడ దిగిపోయారు? ఎవరినడిగినా ఒకటే జవాబు: ‘వాళ్లకే ఇష్టం ఉండదండీ.’ ఆ మాట నాకెప్పుడూ మింగుడుపడలేదు. కానీ కాదనడానికి నా దగ్గర ఆధారం లేకపోయింది. స్వరూప వచ్చాక దొరికింది.

స్వరూప పంజాగుట్టలో ఒక బ్యాంకు బ్రాంచికి చీఫ్ మేనేజర్. పుట్టిందీ పెరిగిందీ బల్కంపేటలో. తండ్రి నల్లా పైపుల పని చేసేవాడట. క్లర్కుగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరై, కటక్‌లో, నాగపూర్‌లో పనిచేసి, నాలుగో మెట్టు దాకా వచ్చింది. ఒక సాయంత్రం బ్రాంచి మూసి నేరుగా నా గదికొచ్చింది. తడిసిన గొడుగు తలుపు బయట పెట్టి, లోపలికి తొంగిచూసింది.

“నమస్తే సార్. మీరు మస్తు తిడతరట గదా. మా బ్రాంచిల అందరు గదే చెప్పిండ్రు.”

“తిడితే తప్పు తెలుస్తది. నీకేం రాదో చెప్పమ్మా, ఆడికెంచి మొదలువెడదాం.”

“గదే సార్ గడబిడ. ఏం రాదో నాకే తెల్వదు. రెండు సార్లు పోయిన. అడిగినయన్ని చెప్పిన. లేచి చెయ్యి కలిపి వెరీ గుడ్ అన్నరు. రిజల్టుల నా పేరు లేదు. ఏడ పోతుందో జర మీరన్న చెప్పుండ్రి.”

ఇది మూడోసారి. ఆమెకు యాభై దాటింది. ఏజీఎం అయి కొన్నేళ్లు పని చేస్తేగానీ ఆ పైమెట్టుకు పిలుపు రాదు. ఈసారి ఆగిపోతే ఇంక పైకి పోవడానికి సర్వీసు మిగలదు. పంజాగుట్ట కుర్చీలోనే రిటైర్మెంటు దండ వేయించుకోవాలి. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

మాక్ మొదలుపెట్టాను. పెద్ద అప్పు ఒకటి మొండిబాకీ అయ్యేట్టుంది, ఏం చేస్తావన్నాను. చక్కటి ఇంగ్లిష్‌లో చెప్పింది. ముందు ఫైలు తీయనంది. ఫ్యాక్టరీకి పోతానంది. మిషన్లు నడుస్తున్నాయా, కూలీలు పనికొస్తున్నారా, గేటు దగ్గర లారీ ఆగి ఉందా చూసి, ఆ తర్వాత ఫైలు తీస్తానంది. సిబ్బంది గురించి అడిగాను, డిజిటల్ మోసాల గురించి అడిగాను. వెతికి వెతికి గుచ్చాను. ఎక్కడా దిగలేదు.

చివరకు మొబిలిటీ. అంటే దేశంలో ఏ మూలకు పంపినా పోతానన్న ఒప్పుదల. పైస్థాయి ఇంటర్వ్యూలలో ఈ ప్రశ్న లేకుండా ఉండదు. “ఎక్కడికి బదిలీ చేసినా పోతారా?” అన్నాను.

“పోత సార్. ఇదివరకు పోయిన. మళ్ల పోత” అని నవ్వింది. “గానీ గిట్ల అడగరు సార్ ఆడ.”

“మరెట్లడుగుతరు?”

ప్యానెల్‌లో పెద్దమనిషిలా కుర్చీలో వెనక్కి వాలింది. చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుంది. గొంతు మెత్తగా చేసి, కోస్తా యాసలో అందుకుంది: “అవునమ్మా స్వరూపా, మీవారు ఇక్కడేగా? అత్తగారు మంచం మీద ఉన్నారటగా? పాపం... ఎలా చేసుకొస్తావమ్మా?”

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

“దానికి నువ్వేమంటవు?”

“ఎట్లనో సర్దుకుంటం సార్, అంట. ఇంకేమంట? కోపంగ అడిగితే జవాబుంటది. పాపం అని అడిగితే ఏముంటది? వాళ్లు మంచిగనే అడుగుతుండ్రాయె.”

ఆమె పోయాక చాలాసేపు నాకు మనసు నిలవలేదు. ఈ ‘పాపం’ నాకు పాత చుట్టమే. ఎనభైలలో నేను టైపు పని మీద తిరిగిన ఒక బ్రాంచిలో మొదటిసారి ఒక అమ్మాయి క్లర్కుగా చేరింది. క్యాష్ కౌంటరులో కూర్చోబెట్టండని తనే అడిగింది. కౌంటరులో కూర్చుంటే జీతం మీద కొంత అలవెన్సు వస్తుంది, పని తెలిసిందన్న పేరూ వస్తుంది. మేనేజరు ‘క్యాష్ అంటే పెద్ద బరువమ్మా, పాపం, నీకెందుకు’ అని ఉత్తరాలు అందుకునే బల్ల దగ్గర పడేశాడు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆమె పెళ్లికి పట్టుచీర పెట్టినవాడు. కానీ ఆ తర్వాత చేరిన మగపిల్లలు కౌంటరులో పని నేర్చి ఆఫీసర్లయ్యారు. ఆ అమ్మాయి చాలా ఏళ్లు కవర్లు చింపుతూనే ఉంది. ‘ఆమెకే ఇష్టం లేదు’ అని అప్పుడూ అన్నారు!

స్వరూప బ్యాంకువాళ్ల లోగుట్టు తెలిసినవాళ్లను పిలిస్తే మంచిదనుకున్నాను. అదే బ్యాంకులో జనరల్ మేనేజరుగా చేసి రిటైరైన ప్రభాకరరావు పంజాగుట్టలోనే ఉంటాడు. భీమవరం వైపు మనిషి. కొత్తగా ఈ ఊరొచ్చినప్పుడు నా దగ్గర టైపు నేర్చుకున్నాడు. ఎంత పెద్దవాడైనా నన్ను మాస్టారూ అనే పిలుస్తాడు. ఒక ఆదివారం పొద్దున రమ్మంటే వచ్చాడు. స్వరూపను చూడగానే ముఖం విప్పారింది.

“అరె, మన స్వరూపా! మాస్టారూ, ముందే చెప్పొద్దా? ఈ అమ్మాయికి మీరు నేర్పేదేంటండీ? బంగారం. నా జోన్‌లో ఇలాంటి చీఫ్ మేనేజరు ఇంకొకరు లేరు.”

“మరి బంగారాన్ని రెండుసార్లు ఎందుకు వాపస్ పంపిండ్రయ్యా?” అన్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టి, తలుపు వైపు చూసి, రహస్యం చెప్పేవాడిలా ముందుకు వంగాడు. ఆ ముఖంలో ఎంత తృప్తో! నేటికీ నా కళ్లముందే ఉంది.

“ఇప్పుడు రిటైరయ్యానుగా, చెప్పొచ్చు. రెండోసారి ఈ అమ్మాయికి వచ్చేసిందే మాస్టారూ. ప్యానెల్‌లో నేనూ ఉన్నాను. అందరూ మార్కులు బాగానే వేశారు. కానీ ఖాళీ ఉన్నది భువనేశ్వర్. వాళ్లత్తగారికేమో పక్షవాతం. నేనే చెప్పాను, పాపం, ఇంట్లో అంత కష్టం పెట్టుకుని ఎక్కడికెళ్తుంది, ఈ ఏడాది వదిలేద్దామండీ అని. నా మాట మీద ఆపారు. బాధపడుతుందని ఈ అమ్మాయికి తెలియనివ్వలేదు.”

ఆ చివరి వాక్యం అని, ఆయన స్వరూప వైపు చూశాడు. కృతజ్ఞత కోసం చూశాడు. నేను అతిశయోక్తి రాయడం లేదు.

స్వరూప గొంతు పెంచకుండానే అడిగింది.

“సార్, మీరు నన్ను అడిగిండ్రా?”

“అడగాలా అమ్మా? నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివి.”

“మా అత్తమ్మను చూసుకున్నది మా ఆయన సార్. నేను కాదు. మొదటికెంచి ఆయనే. ఆమె మంచంల ఉండి సుత రోజు అడిగేది, ఏమైందే స్వరూపా, పెద్ద సారువైనవా, అని. రిజల్టుల పేరు రాలేదంటే, నా మీద అలిగింది. నువ్వే సరిగ సదవలేదన్నది. గట్లనే పోయింది సార్ ఆమె.”

ప్రభాకరరావు కుర్చీలో కదిలాడు. “అయ్యో, అదేంటమ్మా, నేను నీ మంచికే...”

“ఆ ఏడు ఏజీఎం అయి భువనేశ్వర్ పోయింది నాతోనే ఇంటర్వ్యూకు వచ్చిన రమేష్ సార్ గదా. ఆయన తల్లి సుత మంచం మీదనే ఉండె. మీకు తెలుసు, చూసిరానీకి మనమిద్దరం కలిసే పోయినం. ఆయన్ని ఎందుకు పాపం అనలేదు సార్?”

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అతనికి భార్య ఉందిగా అమ్మా.”

అన్నాక, తనేమన్నాడో తనకే వినిపించినట్టుంది. కప్పు చేతిలోకి తీసుకున్నాడు. అందులో టీ లేదు.

నాకు డెబ్బై దాటాయి. బీపీ మాత్రలు మింగుతాను. ఆ రోజు నా అరుపులకు కింద కళ్లద్దాల దుకాణంవాళ్లు మెట్లెక్కి వచ్చారు. “నిన్నెవరు అడిగిండ్రయ్యా ప్రభాకర్? ఆమె అత్తను నువ్వు సాదినవా? ఆమె ఇల్లు నువ్వు నడిపినవా? ఒక మనిషి జీతం, హోదా, ముందున్న పదేండ్ల బతుకు తీసి ఇంకొకని చేతుల పెట్టి, మళ్ల మంచి చేసిన అంటవా?” ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయదగ్గవి కావు. ఆయన లేచి, “ఈ రోజుల్లో మంచి చేసినా తప్పే మాస్టారూ” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంతకుమించి ఆయనకు ఎక్కలేదు. ఈ రోజుకూ ఎక్కిందని నేననుకోను.

పగతో ఆపితే యూనియన్‌కు పోవచ్చు, కోర్టుకు పోవచ్చు. జాలితో ఆపితే ఎక్కడికి పోవాలి? ఆపిన చేయి కనిపించదు. కనిపించినా అది తల నిమిరే చెయ్యే. పైగా దండం కూడా పెట్టాలి. పెట్టింది కూడా. ప్రభాకరరావు రిటైరైన రోజు స్టేజీ మీద శాలువా కప్పింది స్వరూపే! మన తెలుగులో ఒకే మాటకు రెండర్థాలున్నాయి. అయ్యో అనడానికీ పాపమే, చేయకూడని పని చేయడానికీ పాపమే. అన్నవాళ్లు మొదటి అర్థంతో అంటారు. పడ్డవాళ్లకు రెండోది మిగులుతుంది.

ఇంటర్వ్యూకు ఇంకా కొన్ని రోజులున్నాయి. మేమిద్దరం ఆ ఒక్క ప్రశ్నకే కూర్చున్నాం. నా వృత్తిలో పనంతా చివరకు ఇదే, ఒక్క వాక్యం వెతకడం. నేను కోపంలో ఉన్నాను కాబట్టి నా వాక్యాలన్నీ కత్తుల్లా ఉన్నాయి. “బయట కూసున్న మగోళ్లను సుత ఇదే అడుగుతున్నరా సార్ అని అడుగు” అన్నాను.

“పొగరున్నదని రాస్తరు సార్. మీరు చెప్పిపోతరు, మార్కులు నాకు పోతయ్.”

“అయితే అత్తగారు లేరని చెప్పు.”

“ఎందుకు చెప్పాలె? ఆమె ఉంటే మాత్రం నేను పనికిరానా?”

మరునాడు ఆమే తెచ్చింది వాక్యం. ఎవరూ అడగకముందే చెబుతానంది. ‘మీ గురించి చెప్పండి’ అన్న మొదటి ప్రశ్నలోనే, చదువు, సర్వీసు చెప్పాక, చివర్న ఈ మాట: “నేను ఎక్కడికైనా వెళ్తానని రాసిచ్చాను. ఎప్పుడైనా వెళ్లలేకపోతే, ఆ మాట నేనే చెబుతాను. దయచేసి నా తరఫున ఇంకెవరూ చెప్పొద్దు.” ఇంగ్లిష్‌లో నాతో పలికించుకుని, తను పలికి, ఎక్కడ ఆగాలో, ఎవరి కళ్లలోకి చూడాలో సరిచూసుకుంది. అందులో కత్తి లేదు. కానీ పక్కకు తప్పుకోవడానికి సందు కూడా లేదు.

ప్యానెల్ ఏమనుకుందో నాకు తెలియదు. రిజల్టు వచ్చిన రోజు ఫోన్ చేసింది.

“సార్, ఏజీఎం అయిన.”

“శభాష్ బిడ్డా! ఏడ ఏసిండ్రు?”

“గీడనే. హైదరాబాద్. ట్రైనింగ్ కాలేజీల.”

“ట్రైనింగ్ కాలేజీలనా?” అన్నాను.

“కంగ్రాట్స్ అనరా సార్?”

“నీకు నువ్వు అనుకుంటున్నవా?”

“అనుకుంటలేను.”

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ప్రమోషన్ వచ్చింది, సొంత ఊరు, చల్లటి గది, ఇంకేం కావాలి? చెబుతాను. ఏజీఎంకు అసలు పని రీజియన్ నడపడం. కొన్ని జిల్లాల బ్రాంచీలన్నీ ఒక మనిషి చేతి కింద ఉంటాయి. అప్పులు, వసూళ్లు, మనుషులు, గొడవలు అన్నీ ఆ ఒక్క తల మీదే. అది చేసినవాళ్లనే పై ప్యానెల్ పట్టించుకుంటుంది. ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పించినవాళ్లను ‘చాలా మంచి మనిషి’ అని మెచ్చుకుని పక్కన పెడుతుంది. మెట్టు ఎక్కించారు, ఆ పైమెట్టు పీకేశారు. ఎందుకంటే, ‘మేడంకు వీలుగా ఉంటుందని!’

స్వరూప ఊరుకోలేదు. హెడ్ ఆఫీసుకు పోయి బదిలీలు చూసే అధికారి ముందు కూర్చుంది. ఆయన కూడా ఎంతో మర్యాదగా, మీకు మంచిదని వేశామన్నాడట. “నాకేది మంచిదో నేను రాసిచ్చిన సార్. రీజియన్ అన్న. ఏడైనా సరే అన్న. అండ్ల హైదరాబాద్ అని ఏడున్నదో చూపియ్యుండ్రి” అందట. మళ్లీ పోయింది. మళ్లీ రాసింది. ఆ ఏడాది చివరకు రాయ్‌పూర్ రీజియన్ ఇచ్చారు.

బయల్దేరే ముందు మధురానగర్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచింది. ఆమె భర్త యాదగిరి బస్సు డిపోలో మెకానిక్. నెమ్మదైన మనిషి. వంట ఆయనే చేశాడు. పక్కింటావిడ గిన్నె ఇవ్వడానికి వచ్చి, ఆయన్ని చూసి నిట్టూర్చింది. “పాపం అన్నా, వదిన పోతే ఇగ నీకు తిప్పలే గదా?” ఆయన గరిటె ఆపకుండానే, “ఆమె ఉన్నప్పుడు ఎవరు వండిండ్రనుకున్నవమ్మా?” అన్నాడు. స్వరూప పక్కగదిలో పెట్టె సర్దుతూ గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. పోయినేడు ఒకరోజు చేసినప్పుడు చెప్పిన సంగతితో ఇది ముగిస్తాను. నాకు ఈ కేసు నేర్పింది ఏమైనా ఉంటే అక్కడే ఉంది.

వాళ్ల ఆఫీసులో కొత్త మేనేజర్ల పేర్లు పంపే మీటింగ్ జరుగుతోందట. మారుమూల గిరిజన ప్రాంతంలో ఒక బ్రాంచి. దానికి ఒక ఆడ ఆఫీసరు పేరు వచ్చింది. పని బాగా చేసే పిల్ల. వెంటనే ఒకాయన, అక్కడి భాషలో, ‘బేచారీ, చిన్న పాప ఉంది’ అన్నాడట. బేచారీ అంటే మన పాపమే. మిగతావాళ్లు తలూపారు. ఆ పేరు మీద గీత పడబోయింది.

“నేను ఆపిన సార్. ఫోన్ తీసి, అందరి ముంగటనే స్పీకర్ల పెట్టి ఆ పిల్లకు కలిపిన. బ్రాంచి ఇస్తం, గింత దూరం, గిట్లుంటది, వస్తవా, అన్న.”

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. “ఏమన్నది?”

“రాను మేడం అన్నది.”

“రానన్నదా?” నాకు ఒళ్లు మండింది. “అంత కష్టపడి నువ్వు అవకాశమిస్తే... ఆ గదిల కూసున్నోళ్లంత నవ్వి ఉంటరు గదా, చూసిండ్రా, మేం ముందే చెప్పినం అని!”

“నవ్విండ్రు.”

“మరి?”

“జర ఆగుండ్రి సార్, తిట్టకుండ్రి. రాను, నా బిడ్డకు రెండేండ్లు నిండనియ్యుండ్రి, వచ్చే ఏడు నేనే అడుగుత, అప్పుడు కాదనకుండ్రి అన్నది. అప్పుడు నవ్వు ఆగింది. ఆ పిల్ల అన్న మాట అన్నట్టే రాయించిన. ఈ ఏడు రానన్నది, వచ్చే ఏడు వస్తనన్నది.” అటువైపు ఎవరో ఆమెను పిలుస్తున్నారు. “మీరు సుత సార్, ఆ పిల్ల వస్తనంటదని మీ అంతల మీరే అనుకున్నరు గదా?”

అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఆడవాళ్ల తరఫున కోపం తెచ్చుకుంటూ, వాళ్ల జవాబు కూడా నేనే రాసి పెట్టుకున్నాను.

“అడిగినం సార్,” అంది స్వరూప. “గంతే.”